రక్తము గడ్డకట్టుట, శోథము: తీవ్రమైన వైరసు వ్యాధులలో ఈ రెండింటి సంబంధము

కూర తరుగునప్పుడు కత్తిపీట తగిలి వేలు తెగినచో, కొన్ని నిమిషములలో రక్తము కారుట ఆగిపోవును. మరునాటికి గాయము చుట్టును ఎర్రబారి, కొంచెము వాచి, వెచ్చనై, ముట్టుకొనిన నొప్పి పెట్టును. ఈ రెండు సంగతులును ఎల్లవారి యనుభవములోనివే. మొదటిది రక్తము గడ్డకట్టుట. రెండవదానికి శోథమని పేరు. మొదటిది లేనిచో చిన్న గాయముతోనే మనుష్యుడు రక్తము పోయి మరణించును. రెండవది లేనిచో గాయము గుండ ప్రవేశించిన సూక్ష్మజీవులు దేహమంతటను అడ్డులేక వ్యాపించును. ఇవి రెండును దేహమునకు కావలి వంటివి.

అయితే, కొన్ని వ్యాధులలో ఈ కావలియే మితిమీరి దేహమునకు హాని చేయును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్-19 వ్యాధి దేశమంతటను వ్యాపించినప్పుడు, రక్తము గడ్డకట్టకుండ చేయు సూదిమందును గూర్చియు, డి-డైమర్ అను రక్తపరీక్షను గూర్చియు సామాన్య కుటుంబములవారు సైతము మొదటిసారిగా వినిరి. డెంగీ జ్వరములు వచ్చు దినములలో, ప్లేట్‌లెట్లు పడిపోయినవని రోగి బంధువులు రక్తనిధుల చుట్టును తిరుగుట మన పట్టణములలో తరచుగా కనబడు దృశ్యము. ఒక వ్యాధిలో రక్తము గడ్డలు కట్టునను భయము. మరియొక వ్యాధిలో రక్తము కారిపోవునను భయము. రెండును వైరసు వలన కలుగు వ్యాధులే. ఇట్లేల జరుగుచున్నదో తెలిసికొనిన యెడల, ఏ మందు ఎప్పుడు మేలు చేయునో, ఎప్పుడు ప్రాణము మీదికి తెచ్చునో గ్రహించుట సులభమగును.

రక్తము ఎట్లు గడ్డకట్టును?

వయస్సు వచ్చిన మనుష్యుని దేహములో ఇంచుమించు 5 లీటర్ల రక్తము ఉండును. ఈ రక్తములో ఎర్రకణములు, తెల్లకణములు, వీటికంటె మిక్కిలి చిన్నవైన రక్తఫలకికలు కలవు. వాడుకలో ప్లేట్‌లెట్లు అని పిలువబడునవి ఈ ఫలకికలే. రక్తము గడ్డకట్టుటలో వీని పాత్రను 1882లో ఇటలీ దేశపు వైద్యశాస్త్రజ్ఞుడు జూలియో బిజొజేరో వివరించెను. ఇవి ఎముకలలోని మూలుగయందు పుట్టి, 8 నుండి 10 దినములు జీవించును. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘనమిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వరకు ఇవి ఉండును.

రక్తనాళమునకు గాయమైనప్పుడు మొదట ఈ ఫలకికలు అచటికి చేరి, ఒకదానికొకటి అంటుకొని, రంధ్రమునకు తాత్కాలికమైన బిరడా వేయును. అదే సమయమున నాళపు గోడలో దాగియున్న యొక ప్రోటీను రక్తమునకు తగులును. దీనికి టిష్యూ ఫ్యాక్టర్ అని పేరు. ఇది తగులగానే రక్తములోని అనేక పదార్థములు ఒకదాని నొకటి మేల్కొలుపును. కట్టకడపట త్రాంబిన్ అను పదార్థము పుట్టును. కాలేయములో తయారై రక్తములో కరిగియుండు ఫైబ్రినోజెన్‌ను ఈ త్రాంబిన్ సన్నని దారములుగా మార్చును. ఈ దారములే ఫైబ్రిన్. ఇవి వలవలె అల్లుకొని ఫలకికలను, కణములను బిగించి పట్టుకొనుటచే గడ్డ గట్టిపడును.

గడ్డకట్టుట యెంత అవసరమో, అది అక్కరలేని చోట జరుగకుండుటయు అంత అవసరము. రక్తనాళముల లోపలి పొర మిక్కిలి నునుపైనది. ఈ పొర ఎల్లప్పుడును గడ్డకట్టుటను వారించు పదార్థములను సిద్ధముగా నుంచుకొని, రక్తము సాఫీగా పారునట్లు చేయుచుండును. గాయము మానిన పిదప గడ్డను కరగించు పదార్థములు కూడ దేహములో కలవు. గడ్డ కరుగునప్పుడు ఫైబ్రిన్ దారములు తునకలై రక్తములో కలియును. అట్టి తునకయే డి-డైమర్. రక్తములో ఇది హెచ్చుగా కనబడినచో, దేహములో ఎచటనో గడ్డలు ఏర్పడి కరుగుచున్నవని వైద్యుడు అనుమానించును. గర్భిణులలోను, శస్త్రచికిత్స జరిగినవారిలోను, వృద్ధులలోను ఇతర కారణములచేత కూడ ఇది హెచ్చగును. కావున ఈ పరీక్ష నొక్కదానినే చూచి భయపడుట తగదు.

శోథమనగా నేమి?

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అను నాలుగును శోథ లక్షణములని సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటనే రోము దేశపు రచయిత సెల్సస్ పేర్కొనెను. హాని కలిగిన చోటికి రక్తము హెచ్చుగా పారుటచే ఎరుపును, వేడియు కలుగును. నాళముల గోడలు కొంచెము వదులై, రక్తములోని ద్రవము వెలుపలికి ఊరుటచే వాపు కలుగును. ఆ వదులైన సందుల గుండ తెల్లకణములు బయటికి వచ్చి సూక్ష్మజీవులతో పోరాడును.

ఈ కణములు ఒకదానికొకటి వార్త పంపుకొనుటకు కొన్ని రసాయనములను విడుదల చేయును. వీనిని సైటోకైన్లు అందురు. జ్వరము వచ్చుట, ఒళ్లునొప్పులు, ఆకలి మందగించుట మొదలగునవి చాలవరకు వీని పనియే. సాధారణమైన వైరసు జ్వరములో కొలది దినములకు వైరసు నశించి, ఈ రసాయనములు తగ్గి, రోగి కోలుకొనును. తీవ్రమైన వ్యాధిలో మాత్రము ఇవి అవసరమునకు మించి పుట్టి, వ్యాధి సోకిన చోటనే గాక దేహమంతటను శోథమును రగుల్కొల్పును.

రెండింటికి గల చుట్టరికము

గడ్డకట్టుటయు శోథమును వేరువేరు పనులుగా తోచినను, జీవసృష్టిలో వీని పుట్టుక ఒక్కచోటనే. ఒడిశా, పశ్చిమ బెంగాల్ సముద్రతీరములందు గుర్రపు లాడము వంటి పెంకు గల యొక ప్రాచీన జీవి కలదు. చూచుటకు పీతవలె నున్నను, ఇది తేళ్లకు, సాలెపురుగులకు దగ్గరి చుట్టము. దీని రక్తము నీలముగా నుండును. మనకువలె ఫలకికలు, తెల్లకణములు అను విభజన దీని రక్తములో లేదు. గాయమును మూయుటకును, సూక్ష్మజీవులను పట్టుటకును ఒకే విధమైన కణము పనిచేయును. కొన్ని బాక్టీరియాల విషము తగిలిన వెంటనే ఈ జీవి రక్తము ముద్దగా గడ్డకట్టును. అమెరికా తీరములందలి ఇట్టి జీవియందు ఈ విషయమును 1956లో ఫ్రెడరిక్ బాంగ్ వివరించెను. సూదిమందులలో అట్టి విషము కలిసినదో లేదో పరీక్షించు పద్ధతికి ఇదియే ఆధారమైనది.

మనుష్యునిలో ఈ రెండు పనులును వేరు కణములకు పంచబడినవి గాని, పాత చుట్టరికము తెగిపోలేదు. సైటోకైన్లు హెచ్చినప్పుడు కొన్ని తెల్లకణములు తమపై టిష్యూ ఫ్యాక్టర్‌ను ధరించును. నాళముల లోపలి పొర తన నునుపును కోల్పోయి, గడ్డకట్టుటను వారించు పదార్థములను తగ్గించును. కాలేయము ఫైబ్రినోజెన్‌ను హెచ్చుగా తయారుచేయును. గడ్డను కరగించు శక్తి మందగించును. ఈ విధముగా శోథము గడ్డకట్టుటను ప్రేరేపించును. ఇక త్రాంబిన్ ఊరకుండదు. అది నాళముల పొరను తాకి, మరికొన్ని శోథరసాయనములు పుట్టునట్లు చేయును. ఫలకికలు సైతము తెల్లకణములను పిలుచును. శోథము గడ్డను, గడ్డ శోథమును పెంచుచు ఇట్లు సాగును.

2004లో జర్మనీలోని శాస్త్రజ్ఞులు మరియొక విశేషమును వెల్లడించిరి. న్యూట్రోఫిల్ అను తెల్లకణము సూక్ష్మజీవులను మ్రింగుటయే గాక, తనలోని జన్యుపదార్థమును సన్నని దారములుగా వెలుపలికి విసరి, వలపన్ని వానిని పట్టును. జాలరి వలలో చేపలతోపాటు నాచు చిక్కినట్లు, ఈ వలలో ఫలకికలు, ఎర్రకణములు చిక్కి గడ్డకు పునాది యగును. దేహరక్షణకై ఇట్లు చిన్ననాళములలో గడ్డ ఏర్పడుటకు 2013లో శాస్త్రజ్ఞులు ‘ఇమ్యునోత్రాంబోసిస్’ అని పేరు పెట్టిరి. మితముగా నున్నంతవరకు ఇది సూక్ష్మజీవులను ఒక్కచోట నిర్బంధించు కట్టుగోడ. మితిమీరినచో రక్తము పారు త్రోవనే మూసివేయును.

కోవిడ్-19 నందు జరిగినదేమి?

ఈ వ్యాధి 2019 డిసెంబరులో చైనాలోని వూహాన్ నగరములో మొదట గుర్తింపబడెను. మన దేశములో మొదటి రోగి 2020 జనవరి 30న కేరళలో కనబడెను. వ్యాధి సోకిన వారిలో అధికసంఖ్యాకులు ఇంటివద్దనే కోలుకొనిరి. కొందరిలో మాత్రము మొదటి వారము గడచిన పిదప, జ్వరము వచ్చిన 7 నుండి 10 దినముల నడుమ, ఊపిరి అందకపోవుట మొదలయ్యెను.

ఊపిరితిత్తులలో కోట్లకొలది చిన్న గాలితిత్తులు కలవు. ప్రతి తిత్తిని వెంట్రుకకంటె సన్నని కేశనాళికలు చుట్టుకొనియుండును. తిత్తిలోని ప్రాణవాయువు ఈ నాళికలలోని రక్తమున కలియును. వైరసు తిత్తుల గోడలను దెబ్బతీయగా, అచట శోథము చెలరేగి, తిత్తులలో ద్రవము నిండెను. అంతటితో ఆగక, పైన వివరించిన రీతిగా కేశనాళికలలో సూక్ష్మమైన గడ్డలు ఏర్పడెను. తిత్తిలోనికి గాలి చేరుట కష్టమయ్యెను. చేరిన గాలిని తీసికొనిపోవుటకు రక్తప్రవాహము లేకపోయెను. 2020లో ప్రచురింపబడిన యొక పరిశీలనలో, కోవిడ్‌తో మరణించిన 7 గురి ఊపిరితిత్తులను, ఇన్‌ఫ్లుయెంజాతో మరణించిన 7 గురి ఊపిరితిత్తులతో పోల్చి చూచిరి. కోవిడ్ రోగుల కేశనాళికలలో ఇట్టి గడ్డలు 9 రెట్లు అధికముగా కనబడెను.

కొందరిలో పెద్ద నాళములు కూడ మూసుకొనిపోయెను. మంచముపై కదలక పడియుండు రోగి కాలి సిరలలో గడ్డ ఏర్పడి, అది విడివడి రక్తముతోపాటు పోయి ఊపిరితిత్తి నాళమున చిక్కుకొనుట కలదు. మెదడు నాళమున గడ్డ ఏర్పడినచో పక్షవాతమును, గుండె నాళమున ఏర్పడినచో గుండెపోటును కలుగును.

చికిత్స నేర్పిన పాఠములు

గడ్డకట్టుటను వారించు హెపారిన్ అను మందు కొత్తది కాదు. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థియగు జే మెక్లీన్ చేసిన ప్రయోగముల నుండి దీని కథ మొదలైనది. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దీనిని హెచ్చు మోతాదులో ఇచ్చిన మేలగునా యను ప్రశ్న పుట్టెను. అనేక దేశములలో జరిగిన పరీక్షల ఫలితములు 2021లో వెలువడెను. ఆసుపత్రిలో చేరియు, పరిస్థితి ఇంకను విషమింపని రోగులకు హెచ్చు మోతాదు కొంత మేలు చేసెను. అప్పటికే విషమస్థితిలో నున్నవారికి మాత్రము హెచ్చు మోతాదు వలన అదనపు ప్రయోజనము కనబడలేదు. ఒకే మందు, ఒకే వ్యాధి. అయినను ఇచ్చు సమయమును బట్టి ఫలితము మారెను.

శోథమును తగ్గించు డెక్సామెథసోన్ విషయమునను ఇదియే జరిగెను. బ్రిటనులో జరిగిన రికవరీ అను పెద్ద పరీక్ష ఫలితములు 2020 జూన్‌లో వెల్లడియయ్యెను. శ్వాసయంత్రముపై నున్నవారిలో మరణములు సుమారు మూడవ వంతు తగ్గెను. ప్రాణవాయువు మాత్రము పొందుచున్న వారిలో సుమారు అయిదవ వంతు తగ్గెను. ప్రాణవాయువు అక్కరలేని వారికి ఎట్టి మేలును కనబడలేదు. వ్యాధి మొదటి దినములలో వైరసుతో పోరాడునది దేహరక్షణ శక్తియే గనుక, దానిని తొందరపడి అణచుట లాభకరము కాదు. ఇట్టి మందులు రక్తములో చక్కెరను పెంచును. 2021లో మన దేశమున మధుమేహము గల కోవిడ్ రోగులలో మ్యూకోర్ అను బూజుజాతి వ్యాధి ప్రబలుటకు, స్టెరాయిడు మందులను మితిమీరి వాడుట యొక కారణమని వైద్యులు గుర్తించిరి.

ఆస్పిరిన్ మాత్రను గూర్చి కూడ జనులలో ఆశ కలిగెను. రికవరీ పరీక్షలో దాదాపు 15 వేలమంది ఆసుపత్రి రోగులలో దీనిని పరిశీలించిరి. దీని వలన మరణములు తగ్గలేదు; రక్తస్రావము మాత్రము కొంచెము హెచ్చెను.

డెంగీ: తారుమారైన పరిస్థితి

డెంగీ వైరసును మనుష్యులకు చేర్చునది ఈడిస్ జాతి దోమ. ఇది పగటివేళ కుట్టును. ఇండ్లలో నిలువయుంచిన మంచినీటిలో సైతము గ్రుడ్లు పెట్టును. ఈ వ్యాధియందును శోథమే నాళముల లోపలి పొరను దెబ్బతీయును. కాని ఇచట ముఖ్యమైన ప్రమాదము నాళములు మూసుకొనిపోవుట కాదు, అవి కారుట. రక్తములోని ద్రవభాగము నాళముల గోడల గుండ వెలుపలికి ఊరిపోవును. మిగిలిన రక్తము చిక్కబడి, పరిమాణము తగ్గి, రక్తపుపోటు పడిపోవును. రోగి కాలుసేతులు చల్లబడి స్పృహ తప్పవచ్చును.

ఇదే సమయమున ఫలకికల సంఖ్యయు తగ్గును. వైరసు మూలుగలో వీని ఉత్పత్తిని మందగింపజేయుట, రక్తములో తిరుగుచున్నవి నశించుట అను రెండును ఇందుకు కారణములు. ఫలకికలు తగ్గుటయు, గడ్డకట్టు పదార్థములు లోపించుటయు కలిసి చిగుళ్లనుండి, ముక్కునుండి, కడుపులోపల రక్తస్రావము కలుగవచ్చును.

ప్రజలు ఫలకికల సంఖ్యనే ప్రాణమునకు కొలబద్దగా భావించుచున్నారు. ఇది పొరపాటు. సింగపూర్, మలేసియా ఆసుపత్రులలో 372 మంది డెంగీ రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2017లో ప్రచురింపబడెను. ఫలకికలు 20,000 లేదా అంతకంటె తక్కువై, రక్తస్రావము లేని వారిలో కొందరికి ముందుజాగ్రత్తగా ఫలకికలు ఎక్కించిరి, కొందరికి ఎక్కింపలేదు. ఎక్కించుట వలన రక్తస్రావము తగ్గలేదు. పైగా ఎక్కించినవారిలోనే దుష్ఫలితములు హెచ్చుగా కనబడెను. కావున, రక్తస్రావము లేనప్పుడు సంఖ్య తగ్గినదను కారణముచేతనే ఫలకికలు ఎక్కింపుమని బంధువులు వైద్యుని నిర్బంధింపరాదు. డెంగీలో ప్రాణమును నిలుపునది ముఖ్యముగా తగిన ద్రవములను తగిన మోతాదులో, తగిన వేళకు ఇచ్చుటయే.

ఇంకొక సంగతి అందరును గుర్తుంచుకొనదగినది. డెంగీలో ప్రమాదకాలము జ్వరము తీవ్రముగా నున్నప్పుడు గాక, సాధారణముగా 3వ దినము మొదలు 7వ దినము వరకు, జ్వరము తగ్గుచున్నప్పుడు వచ్చును. జ్వరము విడిచినదని ఇంటిల్లిపాదియు నిశ్చింతగా నున్న వేళనే రోగి పరిస్థితి విషమించుట కలదు.

ప్రజలు గుర్తుంచుకొనవలసిన విషయములు

ఏ వైరసు జ్వరమో నిర్ధారణ కాకమునుపు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వాడరాదు. అది డెంగీయైనచో ఇవి రక్తస్రావమును పెంచును. జ్వరమునకు, నొప్పులకు పారాసెటమాల్ మాత్రను, అదియును చెప్పిన మోతాదునకు మించక, వాడవలెను. పిల్లలకు వైరసు జ్వరములలో ఆస్పిరిన్ ఇచ్చుట మెదడునకు, కాలేయమునకు హానికరము కావచ్చును.

గుండెజబ్బు మొదలగువాని కొరకు ఇదివరకే ఆస్పిరిన్‌ను గాని, రక్తము గడ్డకట్టకుండ చేయు ఇతర మందులను గాని వాడుచున్నవారు జ్వరము రాగానే ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. తమంతట తాము మానుటయు, మోతాదు మార్చుటయు కూడదు.

స్టెరాయిడు మందులను, రక్తమును పలుచబరచు మందులను ఇరుగుపొరుగువారి సలహాపైనను, పాత మందుచీటీపైనను కొని వాడరాదు. ఒకరిని బ్రతికించిన మందు మరియొకరికి, లేదా అదే రోగికి వేరొక దినమున, హానిచేయగలదని పైన చూచితిమి.

డెంగీ అనుమానమున్నప్పుడు విడువని కడుపునొప్పి, మాటిమాటికి వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము, నల్లని విరేచనము, మూత్రము తగ్గుట, మిక్కిలి నీరసము లేదా కలత, కాలుసేతులు చల్లబడుట కనబడినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

శ్వాసకోశమునకు సంబంధించిన జ్వరములలో ఆయాసము, రొమ్ములో నొప్పి, పెదవులు నీలబారుట, మాట తడబడుట, వ్రేలికి తగిలించి చూచు పరికరములో ప్రాణవాయువు 94 శాతమునకు తగ్గుట ప్రమాదసూచనలు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టుట, ముఖము ఒక వైపు వాలుట, ఒక చేయి పట్టు తప్పుట రక్తపుగడ్డకు గుర్తులు కావచ్చును. వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక, 108 సేవ గల చోట్ల దానిని పిలిచియైనను, ఆసుపత్రికి చేరవలెను.

జ్వరముతో మంచము పట్టినవారు, వైద్యుడు వలదననిచో, అప్పుడప్పుడు కాళ్లు కదల్చుచు, తగినంత నీరు, మజ్జిగ, గంజి వంటివి త్రాగుచుండవలెను. కదలక యుండుటయు, ఒంటిలో నీరు తగ్గుటయు కాలి సిరలలో గడ్డ ఏర్పడుటకు దోహదము చేయును.

నీటి తొట్లు, కుండలు, కూలర్లు, పూలకుండీల పళ్లెములు వారమునకు ఒక పర్యాయము ఖాళీచేసి, తోమి, ఆరబెట్టవలెను. దోమ గ్రుడ్డు నీటిలో పెరిగి దోమయగుటకు సుమారు వారము దినములు పట్టును గనుక, ఈ యొక్క యలవాటు దాని సంతతిని త్రుంచును. కోవిడ్, ఇన్‌ఫ్లుయెంజా వంటి వ్యాధులలో, వైద్యుల సలహాపై టీకాలు వేయించుకొనుట వ్యాధి తీవ్రరూపము దాల్చకుండ కాపాడును.

దేహమునందలి రక్షణశక్తులు మితములో నున్నంతవరకే మేలు చేయును. ఆ మితము ఎప్పుడు తప్పుచున్నదో కనిపెట్టి, దానిని సరిదిద్దు మందును నిర్ణయించుట వైద్యుని పని. ప్రమాదసూచనలను గుర్తించి, సొంత వైద్యమునకు పూనుకొనక, రోగిని సకాలమున వైద్యుని వద్దకు చేర్చుట ఇంటివారి పని. ఈ రెండు పనులును సక్రమముగా జరిగిన యెడల, తీవ్రమైన వైరసు వ్యాధులలో సైతము అనేక ప్రాణములను నిలుపవచ్చును.